నల్ల కారుకు పాలిష్: ఏ పద్ధతి, ఎందుకు ఎంచుకున్నానంటే

కారు 2018 నాటి నల్ల సెడాన్, జపాన్ కంపెనీది. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో ఉంటుంది. నెలకు ఆరు వందలకు రోజూ తుడిచే కుర్రాడు ఒక బకెట్ నీళ్ళు, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తాడు. మొదటి కారు దుమ్ము పదో కారుకు ఇసుక కాగితంలా పనిచేస్తుంది. ఎండలో నిలబెడితే బానెట్ మీద సూర్యుడి చుట్టూ గుండ్రంగా గీతలే. టాప్ మీద బోరు నీళ్ళ తెల్ల మరకలు, ఎడమ వెనక డోర్ మీద ఎవరో తాళంచెవితో గీసిన పొడవాటి గీత. 2025 జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరి మొదటి వారానికి పని ముగించాను. అన్నీ కలిపి పదిహేను వేల లోపే అయింది. పాలిష్ చేయించడం పెద్ద కష్టమేం కాదు, ఏ పాలిష్ అన్నది తేల్చుకోవడంలోనే సమయమంతా పోయింది.

సంక్రాంతికి ముందు రెండు చోట్ల అడిగాను. కూకట్‌పల్లి వైపు ఒక టింకరింగ్ షెడ్డులో "రబ్బింగ్, పాలిష్ రెండున్నర వేలు, మూడు గంటల్లో ఇచ్చేస్తాం సార్" అన్నారు. కార్లకు మెరుగులు దిద్దే ఒక డీటెయిలింగ్ స్టూడియోలో, పెయింట్ మీద రక్షణగా గట్టిపడే సెరామిక్ కోటింగ్‌తో కలిపి ఇరవై నాలుగు వేల ప్యాకేజీ చెప్పారు. పాలిష్ ఏ ప్యాడ్‌తో, ఏ కాంపౌండ్‌తో (గీతలు కోసే గరుకు పేస్టు), ఎన్ని దశల్లో చేస్తారని అడిగితే రెండు చోట్లా సూటిగా జవాబు రాలేదు. స్టూడియో వాళ్ళు 9హెచ్ గట్టిదనం గురించి మాత్రం చాలాసేపు చెప్పారు. ఆ 9హెచ్ పెన్సిల్ గట్టిదనం కొలిచే పరీక్షలోది. కోటింగ్ ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమే ఉంటుంది, దుమ్ము గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. పైగా కింద గీతలు ఉండగానే కోటింగ్ వేస్తే అవి మెరుస్తూ అలాగే ఉండిపోతాయి. కాబట్టి తేల్చుకోవాల్సింది కోటింగ్ సంగతి కాదు, దాని కింద జరిగే పాలిష్ సంగతి.

షెడ్డులో ఒక డోర్ మీద చేసి చూపించమన్నాను. రోటరీ మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి, ముతక కాంపౌండ్‌తో నాలుగు నిమిషాల్లో గీతలు మాయం చేశారు. ట్యూబ్‌లైట్ కింద అద్దంలా ఉంది. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 15 శాతం, మిగతాది డిస్టిల్డ్ వాటర్ కలిపిన స్ప్రేతో ఆ చోటు తుడిచి కారును ఎండలోకి తీయించాను. పాలిష్‌లోని నూనెలు పోగానే ప్యాడ్ తిరిగిన దారంతా వంపు వంపుల నీడలుగా బయటపడింది. వీటినే హోలోగ్రామ్‌లు అంటారు. రోటరీ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది, ఉన్ని పోగులు ఒకే దిశలో కోస్తూ పోతాయి, అందుకే ఆ జాడలు పడతాయి. తెల్ల కారైతే పదేళ్ళయినా ఎవరూ గమనించరు. నల్ల కారు మీద రెండు వాషింగులు కాగానే పైన పూసిన నూనె పోయి అవి తేలతాయి. రోటరీని నేను తప్పు పట్టను. చేయి తిరిగినవాడి దగ్గర అదే అన్నిటికన్నా వేగంగా కోస్తుంది. కాకపోతే దాని తర్వాత మెత్తటి ప్యాడ్‌తో మరో దశ తప్పదు, రెండున్నర వేల లెక్కలో ఆ దశ ఉండదు.

మూడో చోటు ఒక చిన్న స్టూడియో. జనవరి 18, శనివారం పొద్దున వెళ్ళాను. ముందు టెస్ట్ స్పాట్లు వేద్దామని, అంటే చిన్న చోట్ల చేసి చూద్దామని, వాళ్ళే అన్నారు. దానికి వెయ్యి రూపాయలు, పని చేయిస్తే బిల్లులో తగ్గిస్తారు. సగం నమ్మకం అక్కడే కుదిరింది.

మొదట మందం కొలిచారు. పెయింట్ గేజ్ అన్ని పొరలనూ కలిపి చూపిస్తుంది: తుప్పు పట్టకుండా వేసే ఈ-కోట్, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పొర. పాలిష్ పల్చగా కోసేది ఈ క్లియర్‌ని మాత్రమే, మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. అది విడిగా ఎంతుందో ఈ గేజ్ చెప్పదు. నా కారుకు డోర్లు 105–118, డిక్కీ మూత 104–112, కుడి ముందు ఫెండర్ 96–101 చూపించాయి. బానెట్ 240 నుంచి 265 చూపించింది. 2021లో ఇన్సూరెన్స్ కింద రంగు వేయించాం, పాత పొరల మీదే కొత్తవి ఎక్కాయి. ఎడమ వెనక డోర్ కింది మూలలో ఒకచోట 700 దాటింది, అంటే లోపల పుట్టీ. బానెట్ మందంగా ఉంది కదా ఎంతైనా రుద్దొచ్చు అనుకోకూడదు. ఆ 250లో పైనున్న క్లియర్ వాటా ఎంతో బయటినుంచి తెలియదు. బంపర్లు ప్లాస్టిక్‌వి, ఈ గేజ్ వాటి మీద పనిచేయదు. అక్కడ చేతి అంచనాయే.

ఇంకో విషయం. పాలిష్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిచి "రెండు మైక్రాన్లే తీశాం" అని చూపించేవాళ్ళున్నారు. వంద మైక్రాన్ల దగ్గర ఈ గేజ్‌లే రెండు మూడు మైక్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. గేజ్ పని పల్చటి ప్యానెల్, రంగు వేసిన ప్యానెల్ ఎక్కడున్నాయో పట్టుకోవడం వరకే.

టెస్ట్ స్పాట్లకు డిక్కీ మూత ఎంచుకున్నారు. మాస్కింగ్ టేప్‌తో మూడు గళ్ళు వేసి, మూడింటికీ 15 మిల్లీమీటర్ల మేర ఊగే డీఏ మెషిన్ వాడారు. డీఏ అంటే ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ, పక్కలకూ ఊగేది. రోటరీ కన్నా నెమ్మది, కానీ హోలోగ్రామ్‌లు పడవు, ఒకేచోట వేడి పేరుకోదు.

మొదటి గడిలో మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. మెరుపు వచ్చింది, గీతల్లో సగం కూడా పోలేదు. రెండో గడిలో మధ్యరకం ఫోమ్, మధ్యరకం పాలిష్. ఎండలోకి తీసి చూస్తే ముప్పాతిక వంతుకు పైగా పోయాయి, మిగిలినవి వెతికితే తప్ప కనిపించవు. మూడో గడిలో మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్, ముతక కాంపౌండ్. లోతైన రెండు మూడు తప్ప అన్నీ పోయాయి. కానీ నలుపు మీద పల్చటి పొగమంచు కమ్మినట్టయింది. మెత్తటి క్లియర్ మీద మైక్రోఫైబర్ పోగులు చేసే పనే అది. జపాన్ కంపెనీల నల్ల రంగులు మెత్తనని ఈ పనివాళ్ళలో పేరుంది. నా కారు దాన్ని నిజం చేసింది. అదే గట్టి క్లియర్ ఉన్న జర్మన్ కారైతే రెండో గడి ఏమీ తేల్చేది కాదు, మూడో దానితోనే మొదలుపెట్టాల్సి వచ్చేది. అందుకే ఇంకొకరి కారుకు పనిచేసిన కాంపౌండ్ పేరు అడిగి తెచ్చుకుంటే ఉపయోగం తక్కువ.

మూడు గళ్ళకు రెండు గంటలు పట్టింది. ప్రతి గడినీ ఆల్కహాల్ స్ప్రేతో తుడిచాకే చూశాం. ఆ స్ప్రే 20 శాతం దాటనివ్వొద్దు. ఘాటెక్కువైతే గుడ్డ జారదు, పట్టేస్తుంది. మెత్తటి నలుపు మీద ఆ తుడుపుకే కొత్త గీతలు పడతాయి.

మొత్తం కారుకు రెండో గడి పద్ధతి, దాని తర్వాత మెత్తటి ఫోమ్‌తో ఫినిషింగ్ అని ఖాయం చేసుకున్నాం. మూడో గడి పద్ధతి ఎంచుకుంటే మరో పదిహేను శాతం గీతలు పోయేవి. వాటి కోసం అదనంగా ఒకటి రెండు మైక్రాన్ల క్లియర్ ఇవ్వడం నాకు గిట్టుబాటుగా అనిపించలేదు. ఎండ తాకిడిని ఆపే రసాయనాలు క్లియర్ పైభాగంలోనే ఎక్కువగా ఉంటాయి. పైనుంచి కోసేకొద్దీ అవే ముందు పోతాయి. కారు ఇంకో ఏడెనిమిదేళ్ళు ఉంచుకోవాలనుకుంటే మధ్యలో మళ్ళీ పాలిష్ చేయించే వీలు మిగలాలి. వచ్చే ఏడాది అమ్మేసేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకు ఒక్క దశలో మెరుపూ మైనపూ కలిపి ఇచ్చే ఆల్-ఇన్-వన్ పాలిష్ చాలు, ఆ స్టూడియోలోనే దానికి నాలుగు వేలన్నారు. బానెట్ మీద మాత్రం 2021లో వేయించిన క్లియర్ గట్టిగా ఉందని చిన్న గడితో తేలింది. దానికొక్కదానికి మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ ఒప్పుకున్నాను. బానెట్ మీద నారింజ తొక్కలా కనిపించే గరుకును 2000 గ్రిట్ వాటర్ పేపర్‌తో (నీళ్ళతో రుద్దే సన్న ఇసుక కాగితం) తీసేద్దామా అని వాళ్ళడిగారు, వద్దన్నాను. వాటర్ పేపర్ ఒక్కసారి తీసేది మూడు నాలుగు పాలిష్‌లంత, ఆ పేపర్ గీతలు పోవడానికి మళ్ళీ ముతక కాంపౌండ్ పెట్టాలి.

తాళంచెవి గీతకు గోరు తగులుతోంది. గోరు తగిలితే అది క్లియర్ దాటిందనో, దాదాపు దాటిందనో గుర్తు. ఏ పాలిష్ దాన్ని తీయలేదు. అంచులు కాస్త గుండ్రబడి తక్కువగా కనిపిస్తుంది, అంతే.

స్లాట్ రెండు వారాల తర్వాత దొరికింది. ఫిబ్రవరి 1, శనివారం తొమ్మిదిన్నరకు కారు అప్పగించాను. మెషిన్ ముట్టుకునేసరికి మధ్యాహ్నం రెండయింది. చాలామంది ఈ సగం రోజుకు డబ్బు ఎందుకివ్వాలి అనుకుంటారు. ముందు చక్రాలు, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్. తర్వాత ఫోమ్ వాష్. తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టారు. బ్రేక్ ప్యాడ్ల నుంచి ఎగిరి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను కరిగి వంగపండు రంగులో కారుతుంది, వాసన కుళ్ళిన గుడ్డు వాసన. మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆరకముందే కడిగేయాలి. చక్రాల వెనక తారు చుక్కలకు వేరే రసాయనం. తర్వాత క్లే, అంటే అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద. చేతికి పల్చటి పాలిథీన్ కవరు తొడిగి తడిమితే పెయింట్ ఎక్కడ గరుకుగా ఉందో తెలుస్తుంది, గరుకున్నంత వరకే క్లే రుద్దాలి, షాంపూ నీళ్ళు ధారాళంగా పోస్తూ. క్లే కూడా సన్న గీతలు పెడుతుంది. పాలిష్ చేయించే ఉద్దేశం లేకపోతే నల్ల కారుకు క్లే ముట్టించకపోవడమే నయం.

టాప్ మీది బోరు మరకలకు పల్చటి యాసిడ్ ఉన్న వాటర్ స్పాట్ రిమూవర్ వాడారు. పైన పేరుకున్న సున్నం పోయింది. కొన్ని చుక్కల కింద క్లియర్ తినేసి గుంటలు పడ్డాయి, అవి అలాగే ఉన్నాయి. పాలిష్‌తో అందులో సగం తగ్గాయి. మిగతావి వదిలేశాం. టాప్ ఎవరికీ కనిపించదు, ఎండ ఎక్కువ తినేది మాత్రం అదే.

టేపు వేయడానికే ముక్కాలు గంట. రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్, పేరు అక్షరాలు, డోర్ల అంచులు, బానెట్ మీది ఉబ్బెత్తు మడత అన్నిటికీ వేశారు. అంచుల దగ్గర పెయింట్ సహజంగానే పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నటి అంచు మీదే పడుతుంది, క్లియర్ పోయి కింది రంగు బయటపడేది అక్కడే. గరుకు ప్లాస్టిక్‌కు పాలిష్ అంటితే తెల్లటి మరక నెలల తరబడి పోదు.

మెషిన్ పని ఇలా సాగింది. ఒక్కో గడి మూరెడు చదరం, 45 సెంటీమీటర్లు. కొత్త ప్యాడ్‌కు ముందు ముఖమంతా పల్చగా పాలిష్ పట్టించి, ఆపై ప్రతి గడికీ బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు. తక్కువ స్పీడులో పరిచి, తర్వాత మెషిన్ డయల్ మీద నాలుగున్నరకు పెంచి, సెకనుకు అంగుళం చొప్పున అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మళ్ళీ అడ్డం, మళ్ళీ నిలువు, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పేలా. ప్యాడ్ వెనక ప్లేటు మీద నల్ల మార్కర్‌తో గీత గీశారు. వంపుల దగ్గర డీఏ ప్యాడ్ తిరగడం మానేసి ఊగుతూ ఉంటుంది, అప్పుడు కోత జరగదు. ఆ గీత తిరుగుతోందో లేదో చూస్తే చాలు. పిల్లర్లకు, అద్దాల గూళ్ళకు, బంపర్ మలుపులకు మూడంగుళాల ప్యాడ్ ఉన్న చిన్న మెషిన్. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి వేడి పక్కకు పాకదు, ఉన్నచోటే ఉంటుంది. రెండు వరసలకొకసారి చేత్తో తాకి చూస్తూ చేశారు.

ప్రతి గడి తర్వాత ప్యాడ్‌ను ఎయిర్ గన్‌తో ఊదారు, రెండు ప్యానెళ్ళకొకసారి మార్చారు. మధ్యరకం ప్యాడ్లు ఎనిమిది, ఫినిషింగ్‌వి నాలుగు అయ్యాయి. కారంతా ఒకటి రెండు ప్యాడ్లతో లాగించేస్తే ఊడిన క్లియర్, ఎండిన పాలిష్ ప్యాడ్‌లోనే గట్టిపడి అవే కొత్త గీతలు గీస్తాయి. మీరు స్టూడియోను అంచనా వేయాలంటే ఎన్ని ప్యాడ్లు వాడతారని అడగండి. కాంపౌండ్ బ్రాండ్ కన్నా అదే ఎక్కువ చెబుతుంది. పాలిష్ ఎక్కువ వేస్తే ప్యాడ్ జారిపోయి కోయదు. తక్కువ వేస్తే దుమ్ము లేచి వేడెక్కుతుంది. ఫిబ్రవరి చల్లదనం కలిసొచ్చింది. మే నెలలో ఏసీ లేని షెడ్డులో ఇదే పాలిష్ రెండు వరసలకే ఎండిపోతుంది.

ఆదివారం పదకొండు గంటలకు, ఫినిషింగ్ అయ్యాక, కారును ఎండలోకి తీశాం. ఈ షరతు నేను ముందే పెట్టాను, తప్పకుండా పెట్టండి. లోపల ఎల్ఈడీ దీపాల కింద ఏ లోపమూ లేని కుడి ముందు డోర్ ఎండలో బూడిద ఛాయ కొట్టింది. ఫినిషింగ్ ప్యాడ్ స్పీడు ఎక్కువై, ఒత్తిడి తగ్గకుండా నడిచిన చోటది. కొత్త ప్యాడ్ పెట్టి, స్పీడు మూడుకు దించి, మెషిన్ బరువు తప్ప చేతి ఒత్తిడి లేకుండా మళ్ళీ చేశారు. మరో రెండు గంటలు పట్టింది. చేసిన కుర్రాడు "ఎండలో చూసే కస్టమర్ తక్కువ సార్" అన్నాడు. నిజమే అయ్యుంటుంది.

సెరామిక్ వద్దని, పెయింట్‌ను కాపాడే పల్చటి పూత అయిన సీలెంట్‌ను పదిహేను వందలకు వేయించాను. కోటింగ్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలుస్తాయని అందరూ మురిసిపోతారు. బోరు నీళ్ళయితే ఆ ప్రతి ముత్యమూ ఆరి ఒక తెల్ల చుక్కవుతుంది. కడిగిన వెంటనే తుడిచే అలవాటు ఉన్నవాళ్ళకు సెరామిక్ దండగ కాదు. సీలెంట్ వేశాక 24 గంటలు నీళ్ళు తగలకూడదన్నారు, సోమవారం సాయంత్రం దాకా కారు అక్కడే ఉంది.

బిల్లు: రెండు దశల పాలిష్ 9,500, సీలెంట్ 1,500, దానిమీద జీఎస్టీ 18 శాతం 1,980, మొత్తం 12,980. టెస్ట్ స్పాట్ల వెయ్యి ఇందులోనే పోయింది. జీఎస్టీ వేరని ముందు చెప్పరు, మీరే అడగాలి. అద్దాల మీది నీటి మరకలు ఇందులోకి రావు, దానికి వేరే పౌడరు, వేరే పని, 1,800 అడిగారు. చేయించలేదు. హెడ్‌లైట్లు, డోర్ల లోపలి అంచులు కూడా వేరే లెక్కే.

ఇంటికొచ్చాక మొదటి మూడు వాషింగుల్లోనూ డోర్ సందుల్లోంచి, పెట్రోల్ మూత లోపల్నుంచి తెల్లటి పాలిష్ పొడి కారుతూనే ఉంది. ఎండిన చోట్ల మెత్తటి బ్రష్‌తో పోయింది. రోజూ తుడిచే కుర్రాడికి ఆరు వందలూ ఇస్తూనే అద్దాలు మాత్రమే తుడవమని చెప్పాను. వాడికి అర్థం కాలేదు, నాలుగు రోజులు అలవాటుగా బానెట్ కూడా తుడిచాడు. చివరికి డబ్బు పోదని రూఢి అయ్యాక మానేశాడు. ఇప్పుడు పది రోజులకొకసారి నేనే రెండు బకెట్లతో కడుగుతున్నాను, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. గుడ్డలకూ షాంపూకూ పన్నెండు వందలయింది. కడగడం బోరు నీళ్ళతోనే, ఆఖరి బకెట్ మాత్రం మంజీరా (కుళాయి) నీళ్ళు, వెంటనే తుడుపు. తాగునీటి ఫిల్టర్ నుంచి వచ్చే వేస్టు నీళ్ళు వాడొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

తాళంచెవి గీతకు కారు కలర్ కోడ్ చెప్పి 450 పెట్టి టచ్-అప్ సీసా తెచ్చాను. దాంతో వచ్చే బ్రష్ మొరటుగా ఉంటుంది, అగ్గిపుల్ల చివరతో గీతలోకి మాత్రమే నింపాలి. పల్చగా రెండుసార్లు, మధ్యలో ఒక రోజు ఎడం. అడుగు దూరం నుంచి కనిపిస్తుంది, ఆరడుగుల నుంచి కనిపించదు. డోర్ మొత్తం రంగు వేయడానికి 6,500 చెప్పారు. కింది మూల పుట్టీ పోను మిగతా డోరంతా ఇంకా కంపెనీ పెయింటే కాబట్టి వేయించలేదు.